రోగం ఎవరి ఖాతాలో?

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర మద్రాసు రాజధానిలో కరువు పనుల తనిఖీకి వచ్చాడు. అంతకు మూడేళ్ల ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని కాపాడిన మనిషి అతను. అందుకు మెప్పు రాలేదు సరికదా, దుబారా చేశాడని పైవాళ్లచేత మాట పడ్డాడు. ఈసారి ఆ మచ్చ తుడుచుకోవాలి. ఎండలో రాళ్లు కొట్టి, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే నిండా అరకిలో కూడా కాదు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. ఆ కూలికి చరిత్రలో అతని పేరే నిలిచిపోయింది.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ డబ్ల్యూ.ఆర్. కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, దాంతోపాటు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండి కన్నా టెంపుల్ లెక్క తక్కువని ఎత్తిచూపాడు. టెంపుల్ దృష్టిలో అవన్నీ డాక్టర్ల సిద్ధాంతాలు. ఇక్కడి జనం ఆ మాత్రంతో నెట్టుకొస్తారన్నది అతని నమ్మకం. కరువు పనుల దగ్గర మనుషులు రాలిపోతుంటే, కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కార్నిష్ కూడా ఆంగ్లేయుడే, అదే సర్కారు జీతం తిన్నవాడే. తెల్లవాళ్లందరినీ ఒక గాటన కట్టడానికి ఈ కథ పనికిరాదు. ఒక ఒంటికి ఎంత తిండి కావాలో ఆ ఒంటికి చాలా దూరంగా కూర్చున్నవాడు నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పడానికి పనికొస్తుంది.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది ఈ కరువునే. ఇవాళ బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు, మార్కాపురం అని మనం పిలుచుకునే ఈ పడమటి సీమంతా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. ఆ కరువులో మద్రాసు రాజధాని మొత్తంలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఆ జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు లాంటి మహా తటాకం పక్కనే ఉన్న నేల ఇది. చెరువు ఉన్నంత మాత్రాన గాదె నిండదని ఆ ఏడాది తెలిసొచ్చింది.

పోయినవాళ్లను దస్త్రాల్లో ఎలా రాశారన్నదే ఇక్కడ గమనించాల్సిన సంగతి. కలరా అని రాశారు, జ్వరం అని రాశారు, విరేచనాలు అని రాశారు. ఆకలితో పోయారని రాసిన చోట్లు తక్కువ. కంభం ప్రాంతానికి ఎలాగూ జ్వరాల గడ్డ అన్న చెడ్డపేరు ఉండనే ఉంది. తిండి లేక శుష్కించిన ఒంటికి జ్వరం తగిలి మనిషి పోతే, జ్వరం దస్త్రంలోకి ఎక్కింది, ఆకలి బయటే ఉండిపోయింది. ఒక జాతి రోగాన్ని ఆ జాతి ఒంటి ఖాతాలోనో, ఆ నేల ఖాతాలోనో రాసేస్తే అసలు బాకీదారు తప్పించుకుంటాడు. వలసపాలన వైద్యానికి నేర్పిన ఈ లెక్క పాలన పోయాక కూడా చాలాకాలం వైద్యంలోనే ఉండిపోయింది.

వలస వైద్యం మేలే చేయలేదని అనలేం. టీకాలు వచ్చాయి, క్వినైన్ వచ్చింది, మిషన్ ఆసుపత్రులు వచ్చాయి. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన తెలుగు నేల మీదే. ఆ దోమలకు తన ఒళ్లప్పగించి కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. విద్య గొప్పది, కనిపెట్టిన మనిషి గొప్పవాడు. అయినా ఎవరి ఒళ్లు పరీక్షకు పనికొస్తుంది, ఎవరి పేరు పుస్తకానికి ఎక్కుతుంది అన్న పంపకం మాత్రం ఆ రోజుల్లో ముందే అయిపోయి ఉండేది.

ఇదే లెక్క అమెరికాలో నల్లజాతి మనుషుల మీద ఇంకా కర్కశంగా నడిచింది. 1846లో లండన్ డాక్టర్ జాన్ హచిన్సన్ ఊపిరి ఎంత లోతుగా తీసి వదలగలమో కొలిచే యంత్రం తయారుచేసి దానికి స్పైరోమీటర్ అని పేరు పెట్టాడు. అయిదేళ్లు తిరక్కుండానే అది అమెరికా దక్షిణాది బానిస తోటల దాకా వెళ్లింది. అక్కడ శామ్యూల్ కార్ట్‌రైట్ అనే తోటల వైద్యుడు నల్లవాళ్ల ఊపిరి తెల్లవాళ్లకన్నా అయిదో వంతు తక్కువని ప్రకటించాడు. అంతటితో ఆగితే కొలతలో పొరపాటు అనుకోవచ్చు. ఊపిరి తక్కువ కాబట్టి బలవంతపు చాకిరీ వాళ్ల ఆరోగ్యానికే మంచిదని కూడా రాశాడు. బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక రోగమని దానికో పేరు పెట్టినవాడూ ఇతనే.

పుట్టినప్పటి నుంచీ అరకొర తిండి, కిక్కిరిసిన గుడిసెలు, పత్తి దుమ్ము, ఎడతెగని చాకిరీ. వీటన్నిటి మధ్య పెరిగిన రొమ్ములో ఊపిరి తగ్గితే అందులో వింతేముంది? ఆ తగ్గుదలకు తోట యజమాని బాధ్యుడు. కానీ దాన్ని చర్మం ఖాతాలో వేశారు. బానిసత్వం పోయాక కూడా ఆ అంకె పోలేదు. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి, చివరికి ఇరవయ్యో శతాబ్దంలో యంత్రాల సాఫ్ట్‌వేర్‌లోకి చేరింది. ఎత్తు, వయసు, ఆడా మగా అని అడిగినట్టే జాతి ఏమిటని యంత్రం అడుగుతుంది. నల్లవాళ్లయితే మామూలుగా ఉండాల్సిన ఊపిరిని పది పదిహేను శాతం తగ్గించి చూపుతుంది. ఆసియావాళ్లయితే నాలుగు నుంచి ఆరు శాతం.

తగ్గిస్తే ఏమవుతుంది? జబ్బుపడ్డ ఊపిరితిత్తులు కూడా, నీ జాతికి ఇది మామూలే అన్న జవాబు తెచ్చుకుంటాయి. 1999లో అమెరికాలోని బాల్టిమోర్ కోర్టులో ఓవెన్స్ కోర్నింగ్ అనే కంపెనీ అలాగే వాదించింది. ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన నల్లజాతి కార్మికులు పరిహారం అడగాలంటే తెల్లవాళ్లకన్నా ఎక్కువ జబ్బు ఉన్నట్టు రుజువు చేసుకోవాలంది. ఎందుకంటే వాళ్ల ఊపిరి పుట్టుకతోనే తక్కువట! తోటల నాటి లెక్క నూట యాభై ఏళ్ల తర్వాత పరిహారం ఎగ్గొట్టడానికి సాక్ష్యంగా వచ్చింది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఈ జాతి లెక్కను పక్కన పెట్టమంది. దాన్ని తీసేస్తే నల్లజాతి మాజీ సైనికులకు రావాల్సిన వైకల్య పరిహారం ఏడాదికి వంద కోట్ల డాలర్లకు పైగా పెరగొచ్చని 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది.

బేస్తవారిపేటలో కూర్చుని బాల్టిమోర్ సంగతి మనకెందుకు అనిపించవచ్చు. ఈ పడమటి ప్రకాశం నేల కింద ఉన్నది పలకరాయి. ఆ రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన కంభం పేరే పెట్టారు. తెలుగునాట ఒక తరం అక్షరాలు దిద్దుకున్నది మార్కాపురం పలకల మీద. గనిలో రాయి తీసి, ఉలితో పొరలుగా విడదీసి, యంత్రం మీద కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పలక తయారు. రాయిని పొడిగా కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి ఆనని సిలికా రేణువులు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే తిష్ఠ వేస్తాయి. చుట్టూ కండ గట్టిపడి మచ్చకడుతుంది. సిలికోసిస్ అని పేరు. వచ్చాక పోగొట్టే మందు లేదు. రాయి మీద నీళ్లు పడేలా చేస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. దుమ్మును పీల్చే గొట్టాలు పెడితే ఇంకా అణుగుతుంది. రెంటికీ ఖర్చుంది.

మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో రాతి బలపాలు కోసేవాళ్లను 1980లలో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షించింది. సుమారు ఆరువందల మందిలో సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. మన రాజ్యంలో ఇది చట్టం గుర్తించిన జబ్బు. అది వచ్చిందని తెలిస్తే చట్టం ప్రకారం డాక్టరు సర్కారుకు తెలియజేయాలి, రోగికి పరిహారం అందాలి. జరిగేది వేరు. దమ్ము, దగ్గు, బరువు తగ్గడం అనగానే టీబీ అంటారు. సిలికా చేరిన ఊపిరితిత్తులకు టీబీ రావడం కూడా ఎక్కువే కాబట్టి ఆ మాట సగం నిజం కూడా అవుతుంది. ఆరు నెలల మందులు ఇస్తారు. ఆయాసం తగ్గకపోతే బీడీ తాగుతావా, సారా తాగుతావా అని అడుగుతారు. టీబీ అని రాస్తే అది క్రిమి ఖాతా. బీడీ అని రాస్తే అది రోగి ఖాతా. పలక దుమ్ము అని రాసినప్పుడే యజమాని ఖాతా తెరుచుకుంటుంది, లేబర్ ఆఫీసు ఖాతా తెరుచుకుంటుంది.

ఊపిరి కొలిచే యంత్రం మన జిల్లా ఆసుపత్రుల దాకా వచ్చింది. దక్షిణాదివాళ్ల ఊపిరి ఉత్తరాదివాళ్లకన్నా కొంచెం తక్కువని, మనందరిదీ తెల్లవాళ్లకన్నా తక్కువని మన పుస్తకాల్లో మనమే రాసుకున్నాం. అందులో ఒంటి తీరు ఎంత, చిన్నప్పటి తిండి ఎంత, కట్టెల పొయ్యి పొగ ఎంత? విడదీసి చూడకుండా, ఇది మీ మామూలు అని యంత్రం చేత అనిపిస్తే, పాతికేళ్లు పలకలు కోసిన మనిషికి కాగితం మీద జబ్బు తగ్గిపోతుంది. ఆయాసం మాత్రం తగ్గదు.

ఈ సీమకు ఇంకో పాఠం కూడా ఉంది. ఫ్లోరైడు నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట శాస్త్రీయంగా గుర్తించింది మనకు తూర్పున ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లోనే. అప్పుడవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. డాక్టర్ షార్ట్, అతని తోటివాళ్లు 1937లో ఈ సంగతి ప్రచురించారు. అంతకు ముందే రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. కొత్త ఎద్దులు తెచ్చినా కొన్నాళ్లకు అదే వరస. నీళ్లలోనే ఏదో ఉందన్న అనుమానం అక్కడి నుంచి మొదలైంది. వలస రాజ్యపు డాక్టర్లు ఇక్కడ రోగాన్ని జనం ఒంటి మీద తోయలేదు, నేరుగా నీళ్ల ఖాతాలో రాశారు. విద్యగా అది నిఖార్సైన పని.

మరి నీళ్లు వచ్చాయా? పేపరు అచ్చయి పదేళ్లకు స్వాతంత్ర్యం వచ్చింది. 1970లలో నాగపూర్ నీరీ సంస్థ పటికా సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరు పెట్టింది. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నల్లమలను తొలిచి శ్రీశైలం నీళ్లను ఇటు మళ్లించే రెండు సొరంగాలు, ఒక్కోటీ పద్దెనిమిది కిలోమీటర్లకు పైనే. 2024 మార్చిలో సొరంగాలకు ప్రారంభోత్సవం చేశారు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇప్పటికీ ఇంట్లో తాగేది కొనుక్కున్న క్యాను నీళ్లే. ఇక్కడ దొరలు లేరు, జాతి అహంకారం లేదు. తప్పు ఎవరిదో తెలిశాక కూడా తీర్చడానికి తొందర లేకపోవడం ఒక్కటే ఉంది. వలసపాలనను తిట్టుకోవడం సులువు. దాని అలవాటును మనం ఎంత ఇంటిదాన్ని చేసుకున్నామో చూసుకోవడమే కష్టం.

మూత్రపిండాల సంగతీ ఊపిరి లెక్క లాంటిదే. రక్తంలో క్రియాటినిన్ చూసి కిడ్నీ ఎంత పనిచేస్తోందో ఒక సూత్రంతో లెక్క కడతారు. చాలాకాలం వాడుకలో ఉన్న ఒక సూత్రంలో రోగి నల్లజాతి మనిషైతే వచ్చిన అంకెను 1.21తో హెచ్చవేసేవారు. కాగితం మీద కిడ్నీ ఆరోగ్యంగా కనిపించేది. మార్పిడి కోసం వేచి ఉండేవాళ్ల జాబితాలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ హెచ్చవేత తీసేశారు. 2023 నుంచి, అలా పోయిన కాలాన్ని నల్లజాతి రోగులకు తిరిగి కలపమని అమెరికా అవయవ మార్పిడి వ్యవస్థ ఆసుపత్రులను ఆదేశించింది. పద్నాలుగు వేల మందికి పైగా జాబితాలో ముందుకు జరిగారు. లెక్క తప్పని ఒప్పుకోవడమే కాకుండా పోయిన రోజులను తిరిగివ్వడం వైద్య చరిత్రలో అరుదు. ఉద్దానం నుంచి మన కనిగిరి దాకా కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతున్న మనం ఈ మర్యాదను గుర్తుపెట్టుకోవాలి.

అలాగని ఒంటికీ ఒంటికీ తేడా చూడటమే తప్పంటే అదీ పొరపాటే. ఎత్తుకు తగ్గ బరువు చూసే బీఎంఐ లెక్కలో తెల్లవాళ్లకు బరువు ఎక్కువ అని చెప్పే గీత దాటకముందే మనవాళ్లకు షుగర్ వస్తోంది. సన్నగా కనిపించే మనిషి పొట్టలో కొవ్వు పేరుకుంటోంది. అందుకే ఆసియావాళ్లు 23 దగ్గర నుంచే జాగ్రత్త పడాలని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. ఇదీ తేడా చూపడమే. కానీ ఈ తేడా రోగిని ముందుగా పట్టుకోవడానికి గీసింది. టెంపుల్ చూపిన తేడా కూలి తగ్గించడానికి, కార్ట్‌రైట్ చూపిన తేడా చాకిరీ చేయించడానికి. కాబట్టి ఎక్కడైనా వైద్యం ఒక జాతికి వేరే అంకె పెట్టినప్పుడు అడగాల్సింది ఒకటే: ఆ అంకె వల్ల రోగికి మందు తొందరగా అందుతోందా, ఇంకెవరికైనా ఖర్చు తప్పుతోందా?

కొన్నిసార్లు తప్పు పరికరంలోనే ఉంటుంది. 2021 వేసవిలో కరోనా రెండో విడతలో ఆశా కార్యకర్తలు ఆక్సీమీటర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పరుగు. వేలిలోంచి వెలుతురు పంపి చూసే ఆ పరికరం ముదురు రంగు చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. పరికరం ఫర్వాలేదని చూపినప్పుడు నిజానికి ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉన్నది తెల్లవాళ్లలో 3.6 శాతం సార్లు, నల్లవాళ్లలో 11.7 శాతం సార్లు. ఎండన పడి పనిచేసే మన మనుషుల వేళ్ల మీద ఆ అంకె ఎంతవరకు నిజమో ఆ హడావుడిలో అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడైనా ఆసుపత్రులకు పరికరాలు కొనేటప్పుడు, ఏ రంగు చర్మాల మీద పరీక్షించారో కంపెనీని అడిగి రాయించుకోవచ్చు. 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ సంస్థ రకరకాల రంగుల మీద మరింత మందిని పరీక్షించాలంటూ ముసాయిదా నిబంధనలు తెచ్చింది. మనకూ అది అడిగే హక్కుంది.

పుట్టిన బిడ్డ ఒళ్లంతా గులాబీ రంగులో ఉంటే మంచి మార్కు వేయమని 1950లలో వర్జీనియా ఆప్గార్ పెట్టిన కొలత చెబుతుంది. మన కాన్పుల గదుల్లో నర్సమ్మలు గులాబీ కోసం వెతుక్కోరు. బిడ్డ పెదవులు, నాలుక, అరిచేతులు, అరికాళ్లు చూస్తారు. రక్తం తక్కువైందా అంటే కింది రెప్ప లాగి చూస్తారు. పుస్తకంలో లేని రంగుకు చేతి అనుభవంతో దారి చేసుకున్నారు. లండన్‌లో మలోన్ ముక్వెండే అనే నల్లజాతి వైద్య విద్యార్థి 2020లో తన గురువులతో కలిసి ముదురు చర్మం మీద జబ్బులు ఎలా కనిపిస్తాయో చూపే పుస్తకం తెస్తే ప్రపంచం మెచ్చుకుంది. మన నర్సమ్మల చేతుల్లో ఉన్న అలాంటి పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు.

మన పిల్లలే ఎందరో కర్నూలు, గుంటూరు మెడికల్ కాలేజీల్లో చదివి అమెరికా వెళ్లారు. డాక్టర్లు దొరకని ఊళ్లలో మూడేళ్లు పనిచేస్తే అక్కడే ఉండిపోవడానికి వీసా మినహాయింపు దొరుకుతుంది. అలా నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే ఊళ్లలో తెలుగు డాక్టరే పెద్ద దిక్కైన చోట్లు ఉన్నాయి. ఆ దేశంలో 2023లో లక్ష సజీవ జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది పోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది పోయారు. చదువూ డబ్బూ ఉన్న నల్లజాతి తల్లులకు కూడా ఆ రక్షణ పూర్తిగా లేదు. నొప్పి అని చెప్పినా వినకపోవడం ఒక కారణమని అంటారు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను అడిగితే, నల్లవాళ్ల చర్మం మందమనో మరొకటో, ఒంటి గురించి ఒక తప్పుడు నమ్మకమైనా ఉన్నవాళ్లు సగం మంది తేలారు. 1840లలో అలబామాలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ అనార్కా, లూసీ, బెట్సీ అనే బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసింది ఇలాంటి నమ్మకాల కాలంలోనే. న్యూయార్క్‌లో అతని విగ్రహాన్ని 2018లో తీసేశారు.

ఈ కథ విని అయ్యో అనుకునే ముందు మన కాన్పుల గదుల్లో, మన ఓపీ వరసల్లో వినిపించే మాటలు గుర్తు చేసుకోవాలి. కూలి చేసుకునేవాళ్లకు కాన్పు సులువు. ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, ఏం కాదు. నల్లమల చెంచోళ్లు అంతే, మందులు మింగరు. పాలెంవాళ్లకు ఇవన్నీ మామూలే. ఏ తెల్లదొరా మనకు ఈ మాటలు నేర్పలేదు. కులం చాలా ముందే నేర్పింది. గట్టి ఒళ్లు అన్నది పైకి మెచ్చుకోలులా వినిపిస్తుంది. లోపల మాత్రం నీకు నొప్పి మందు అక్కర్లేదన్న తీర్పు ఉంటుంది. ఉపాధి హామీ పనిలో మధ్యాహ్నం ఎండకు పడిపోయిన మనిషిని చూసి తిని రాలేదేమో అంటాం. మందులు మింగని చెంచు ఇంటికి ఆసుపత్రి ఎంత దూరమో, ఆ దారిలో రోజు కూలి ఎంత పోతుందో అడగం. టెంపుల్ దొర లెక్క మన నోటి నుంచే, మన భాషలోనే వస్తోంది.

మరేం చేయాలి? 1700లో ఇటలీ డాక్టర్ బెర్నార్డినో రామజ్జిని చేతివృత్తుల జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని అడగాలని పాత వైద్యులు చెప్పిన ప్రశ్నలకు తనొకటి చేర్చాడు: నువ్వు ఏం పని చేస్తావు? మూడు శతాబ్దాలు దాటినా చాలా ఓపీ చీట్ల మీద పేరు, వయసు రాసేందుకు చోటు ఉంటుంది గానీ పని రాసేందుకు ఉండదు. బేస్తవారిపేట లాంటి చోట ఆ ప్రశ్నకు ఇంకో రెండు కలపాలి. ఏం నీళ్లు తాగుతున్నావు? పూటకు ఏం తింటున్నావు? ఈ మూడింటి జవాబులు చీటీ మీదికి ఎక్కితే రోగం ఒక్క ఒంటి ఖాతాలోనే పడిపోదు.

దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. వరసలో ఇంకా నలభై మంది ఉండగా ఒక్కో రోగి మీద ఇంకో నిమిషం పెట్టగలిగేంత మంది డాక్టర్లూ నర్సులూ కావాలి. రాసిన చీట్లు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి లేబర్ ఆఫీసుకు, నీటి సరఫరా వాళ్లకు చేరాలి. రాసినంత మాత్రాన నీళ్లు పరుగెత్తుకు రావని పొదిలి, కనిగిరి ఊళ్లు ఎనభై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నాయి. రాయకపోతే మాత్రం, అడగడానికి వెళ్లిన పలకల కార్మికుడి చేతిలో టీబీ కార్డు తప్ప ఇంకేమీ ఉండదు. పరిహారం ఇచ్చే చోట ఆ కార్డు చెల్లదు.